అందరి కేస్ షీట్లోనూ శ్వాస 20: బరువు, వైటల్స్ (నాడి, శ్వాస, బీపీ, జ్వరం) నిజంగా కొలిచి రాయడం ఎలా?

ప్రశ్న: మెడికల్ వార్డు స్టాఫ్ నర్సు

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ వార్డులో రెండేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మా వార్డులో 40 పడకలు ఉన్నాయి. రాత్రి డ్యూటీలో ఇద్దరమే ఉంటాము. పోయిన నెలలో జరిగిన ఒక సంగతి నా మనసును వదలడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

గుండె బలహీనతతో కాళ్లు వాచి ఆయాసపడుతున్న 70 ఏళ్ల పెద్దాయనను ఒక రాత్రి క్యాజువాలిటీకి తీసుకువచ్చారు. స్ట్రెచర్ మీద ఉన్న మనిషిని నిలబెట్టి తూచే వీలు లేక, బరువెంత ఉంటారని కొడుకును అడిగితే "అరవై రెండు ఉంటారండీ" అన్నారు. కేస్ షీట్ మీద 62 కిలోలు అని పడింది. అది తూచిన బరువా, చెప్పిన బరువా అన్నది ఎవరూ రాయలేదు. నీరు తీసే ఇంజెక్షన్లు మొదలుపెట్టిన మూడో రోజు ఉదయం, ఆయన కాస్త కుదుటపడ్డాక, నేనే చేయి పట్టుకుని వార్డులోని వెయింగ్ మిషన్ మీద నిలబెట్టాను. 58.2 చూపించింది. రౌండ్స్‌లో ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూసిన డాక్టరు గారు దాదాపు 4 లీటర్ల నీరు దిగిపోయిందనుకుని ఇంజెక్షన్ ఆపి మాత్రలకు మార్చారు. కాళ్ల వాపు కూడా తగ్గినట్టే కనిపించింది. మంచం మీదే పడుకుని ఉండడంతో ఆ నీరు నడుము వెనుక కింది భాగానికి చేరిందన్న సంగతి ఎవరి దృష్టికీ రాలేదు.

ఆ రాత్రి 4 గంటలకు ఆయన కోడలు పరుగెత్తుకు వచ్చేసరికి పెద్దాయన మంచం అంచున కూర్చుని గాలి అందక అల్లాడుతున్నారు. చార్టు తీసి చూస్తే రాత్రి 10 గంటలకు నిమిషానికి శ్వాస 20, మళ్లీ 2 గంటలకు 20. ఆ రెండూ నా చేతిరాతే. నాడి చూశాను, బీపీ చూశాను, శ్వాస మాత్రం లెక్కపెట్టలేదు. ఆ పక్క మంచానికీ, దాని పక్క మంచానికీ కూడా 20 అనే రాశాను. డ్యూటీ డాక్టరు గారు వెంటనే వచ్చి చూడడం వల్ల ఆయన తేరుకుని వారం తర్వాత ఇంటికి వెళ్లారు.

ఇకపై ఇలా రాయకూడదని నిశ్చయించుకున్నాను, కానీ చేసే దారి తెలియాలి. నిలబడలేని రోగి బరువు ఎలా తీయాలి? 40 మందికి నిమిషం చొప్పున శ్వాస లెక్కపెట్టడం ఇద్దరికి సాధ్యమేనా? మా వార్డులో ఉన్న రెండు బీపీ మిషన్లు ఒకే మనిషికి 14 పాయింట్ల తేడా చూపిస్తున్నాయి, ఏది నమ్మాలి? ఒక రీడింగ్ తీయలేకపోతే ఆ గడిలో ఏమి రాయాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: రిటైర్డ్ హెడ్ నర్సు

అమ్మా, ముందుగా ఒక మాట. ఆ రెండు 20లూ నీవే రాశానని ఒప్పుకున్నావు కనుకనే ఈ ప్రశ్నకు విలువ ఉంది. నేను 34 ఏళ్ల సర్వీసులో చూసిన వేల టీపీఆర్ (జ్వరం, నాడి, శ్వాస రాసే) చార్టుల్లో శ్వాస గడిలో 18, 20, 22 తప్ప మరో అంకె కనిపించడమే అరుదు. మనుషుల ఊపిరి అంత ఒద్దికగా ఉండదు.

శ్వాస లెక్కపెట్టేటప్పుడు రోగికి ఆ సంగతి తెలియకూడదు. "మీ ఊపిరి చూస్తున్నాను" అన్నామంటే ఆయన దాన్ని తెలియకుండానే మార్చేస్తాడు. అందువల్ల నాడి చూస్తున్నట్టుగా మణికట్టు పట్టుకుని, ఆ చేతిని ఆయన పొట్ట మీదనో ఛాతీ మీదనో ఆనించి ఉంచు. నాడి లెక్క అయిపోయాక కూడా వేళ్లు తీయకుండా, సెకన్ల ముల్లు ఉన్న వాచీ చూస్తూ, నీ చెయ్యి ఎన్నిసార్లు పైకి లేచిందో లెక్కపెట్టు. చీకట్లో దుప్పటి కప్పుకున్న మనిషికి కూడా ఈ పద్ధతి పనిచేస్తుంది, ఎందుకంటే కళ్లకు కనిపించని కదలిక చేతికి తెలుస్తుంది. ఊపిరి క్రమంగా ఉన్న, నిలకడగా ఉన్న రోగికి 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేసినా పెద్ద నష్టం లేదు. క్రమం తప్పినవారికి, ఆయాసం ఉన్నవారికి, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, జ్వరం ఉన్నవారికి, మగతగా ఉన్నవారికి పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒక్క ఊపిరి పొరపాటు నాలుగుగా మారుతుంది, అది మాత్రం వద్దు.

సమయం సంగతి. చంకలో థర్మామీటరు పెట్టు, అది కూత వేసేలోగా నాడి చూడు, అదే చేతితో శ్వాస లెక్కపెట్టు, తర్వాత బీపీ. చేయి తిరిగితే మనిషికి మూడు, నాలుగు నిమిషాలు. 40 మందికి కలిపితే రెండు గంటలు దాటుతుంది, ఇద్దరు పంచుకుంటే గంటకు పైగా. ప్రతి రౌండులోనూ అందరికీ అంత సమయం దొరకదు, ఆ మాట నిజమే. అందుకే డ్యూటీ మారేటప్పుడు ఎవరికి 2 గంటలకు ఒకసారి చూడాలి, ఎవరికి 6 గంటలకు ఒకసారి చాలు అన్నది డాక్టరుతో మాట్లాడి రాయించుకోవాలి. రేపు డిశ్చార్జి అయ్యే మనిషినీ నిన్న ఆయాసంతో వచ్చిన మనిషినీ ఒకే గాటన కట్టి, ఇద్దరినీ సగం సగం చూడడం వల్లనే ఈ 20లు పుడతాయి.

ఇంకొకటి, చార్టులో అచ్చు వేసిన గంట కాకుండా నీవు చూసిన గంట రాయి. 40 మందికీ రాత్రి 10 అని ఉంటే, అది ఒక మనిషి చేసిన పని కాదని చార్టే చెబుతుంది. 10.05, 10.09, 10.14 అని ఉంటే ఆ అంకెల్ని డాక్టరు నమ్ముతాడు.

బరువు విషయంలో మా వార్డులో ఒక కట్టుబాటు ఉండేది. ప్రతి బరువు పక్కన "కొలిచినది", "చెప్పినది", "అంచనా" అన్న మూడింటిలో ఒక మాట తప్పక ఉండాలి. నీ పెద్దాయన కేస్ షీట్లో 62 పక్కన "కొడుకు చెప్పినది" అని రెండు ముక్కలు ఉంటే ఆ రోజు రౌండ్స్‌లో ఎవరూ 62లోంచి 58 తీసివేసేవారు కాదు. ఇంట్లోవాళ్లు అబద్ధం చెప్పరు, కానీ వాళ్లకు తెలిసింది ఎప్పుడో జబ్బు పడకముందు చూసిన బరువు.

నిలబడలేని మనిషిని వీల్‌చైర్‌తో సహా ప్లాట్‌ఫారం మిషన్ మీదకు ఎక్కించి, తర్వాత ఖాళీ వీల్‌చైర్‌ను తూచి తీసివేయాలి. మొత్తం ఎంత, వీల్‌చైర్ ఎంత, మనిషి ఎంత అన్న మూడూ రాయాలి, అప్పుడే మర్నాడు చూసేవారికి లెక్క తప్పిందో లేదో తెలుస్తుంది. ఖాళీ వీల్‌చైర్ బరువును దాని వెనుక పెయింటుతో రాయించుకున్నా, టైరు మార్చినా, దిండు పెట్టినా మళ్లీ తూచుకోవాలి. పెద్ద ప్లాట్‌ఫారం మిషన్ వార్డులో లేకపోతే మీ ఆసుపత్రి స్టోర్స్‌లోనో వంటశాలలోనో ఉందేమో విచారించు. మాకు అలాగే దొరికింది.

రోజువారీ బరువు అంటే తెల్లవారి మూత్రానికి వెళ్లివచ్చాక, టిఫిన్‌కు ముందు, అదే మిషన్ మీద, అలాంటి బట్టలతోనే చూసే బరువు. ఒక లీటరు నీరు ఒక కిలో. నిండిన యూరిన్ బ్యాగుతో ఒక రోజు, ఖాళీ బ్యాగుతో మరో రోజు చూస్తే కిలో పైగా తేడా వస్తుంది, దాన్ని మందు గొప్పతనం అనుకుంటాము.

సమాధానం: మరో స్టాఫ్ నర్సు

మేడమ్, మీరు చెప్పినదంతా సరైనదే. కానీ మా దగ్గర గడి ఖాళీగా ఉంటే ఇన్‌ఛార్జి గారు పిలిచి సంజాయిషీ అడుగుతారు, తప్పు అంకె ఉంటే మాత్రం ఎవరూ అడగరు. తనిఖీకి వచ్చినవారు కూడా గడులన్నీ నిండాయా లేదా అనే చూస్తారు. ఈ పరిస్థితుల్లో కొత్తగా చేరిన అమ్మాయి ఖాళీ వదలడానికి ధైర్యం చేయగలదా? అంకెలు కల్పించడం మేము ఇష్టపడి చేస్తున్న పని కాదని కూడా ఇక్కడ చెప్పాలనిపించింది.

సమాధానం: రిటైర్డ్ హెడ్ నర్సు

మీరు అడిగినది న్యాయమైన ప్రశ్న, సిస్టర్. ఈ తప్పులో గడి నిండాలని గద్దించేవారి వాటా రాసేవారి వాటా కంటే తక్కువేమీ కాదు. నేను కూడా ఇన్‌ఛార్జిగా ఉన్న తొలి రోజుల్లో అలాగే గద్దించాను, అది ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది.

ఖాళీ వదలమని నేను అనను. కారణం రాయమంటాను. "2.00 గంటలు: చూడలేదు, 11వ పడక రోగికి సీపీఆర్ జరుగుతున్నది. 2.50కి చూశాను." అని రాసి సంతకం పెడితే అది ఖాళీ గడి కాదు. ఆ రాత్రి వార్డులో ఏమి జరిగిందో చెప్పే రికార్డు. రోగి డయాలసిస్‌కు వెళ్లి ఉంటే అదే రాయాలి, ఒప్పుకోకపోతే "రోగి వద్దన్నారు" అని రాయాలి. ఇలాంటి నోట్లు నెల రోజులు పోగైతే, రాత్రిపూట ఇద్దరు చాలరని సూపరింటెండెంటు గారికి చూపించడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది. అన్ని గడుల్లోనూ 20 నిండి ఉన్నంతకాలం, ఇద్దరితోనే పని సాఫీగా సాగుతున్నదని ఆ చార్టే సాక్ష్యం చెబుతూ ఉంటుంది.

సమాధానం: బయోమెడికల్ టెక్నీషియన్

బీపీ మిషన్ల ప్రశ్నకు నేను సమాధానం ఇస్తాను. రెండింటిలో ఏది తప్పో తెలియనప్పుడు సగటు తీయవద్దు. రెండూ తప్పు కావచ్చు. సరిచూసేదాకా, అప్పటికే చూసిపెట్టిన మూడో మిషన్‌ను వేరే వార్డు నుంచి తెచ్చుకుని, ఈ రెండింటికీ "వాడవద్దు" అని చీటీ కట్టి మాకు పంపండి.

గుండ్రటి డయల్ ఉన్న మిషన్లో గాలి లేనప్పుడు ముల్లు సున్నా మీద ఉండాలి. లేకపోతే అది చెడిపోయినట్టే. అయితే సున్నా దగ్గర సరిగ్గా ఉన్నంత మాత్రాన 140 దగ్గర సరిగ్గా ఉంటుందని భరోసా లేదు, ఎందుకంటే కిందపడి దెబ్బ తిన్న డయల్ పైఅంకెల దగ్గరే ఎక్కువగా తేడా చూపిస్తుంది. మేము మూడు దారుల గొట్టంతో దాన్ని ప్రమాణ మానోమీటరుకు కలిపి 50, 100, 150, 200 దగ్గర చూస్తాము. 3 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే పక్కన పెడతాము. వార్డులో మీరే చేయగల పరీక్ష ఒకటి ఉంది. కఫ్‌ను (జబ్బకు చుట్టే పట్టీని) ఒక గట్టి సీసాకు చుట్టి 200 దాకా గాలి కొట్టి, మర బిగించి, ఒక నిమిషం చూడండి. ముల్లు 4 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ దిగితే ఎక్కడో గాలి పోతున్నట్టు. చాలాసార్లు రబ్బరు గొట్టం అతుకు దగ్గరే పగిలి ఉంటుంది, అది నిమిషాల్లో అయ్యే రిపేరు.

రెండు మిషన్ల తేడా అనుకున్నది రెండు కఫ్‌ల తేడా కూడా కావచ్చు. కఫ్ లోపలి రబ్బరు సంచి పొడవు జబ్బ చుట్టుకొలతలో 80 శాతం ఉండాలి, వెడల్పు 40 శాతం ఉండాలి. లావుగా ఉన్న జబ్బకు చిన్న కఫ్ చుడితే లేని బీపీ వస్తుంది, సన్నటి జబ్బకు పెద్దది చుడితే ఉన్న బీపీ తగ్గి కనిపిస్తుంది. 27 నుంచి 34 సెంటీమీటర్ల జబ్బకు మామూలు కఫ్, 35 నుంచి 44 వరకు పెద్ద కఫ్ వాడాలి. ఒకే కఫ్‌తో వార్డంతా నడిచే చోట, బక్కచిక్కిన ముసలమ్మకూ ట్రాక్టరు డ్రైవరుకూ దానినే చుట్టడం చూస్తుంటాను. ఒక పెద్ద కఫ్ అదనంగా ఇండెంటు పెట్టండి.

వెయింగ్ మిషన్ గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. దాన్ని గట్టి, చదునైన నేల మీద పెట్టాలి. పగిలిన టైలు మీద ఒక కాలు వాలి ఉన్నా, కింద పట్టా ఉన్నా తప్పు చూపిస్తుంది. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 20 కిలోల తూనికరాయి ఒకటి తెప్పించుకుని, వారానికి ఒకసారి మధ్యలో, నాలుగు మూలల్లో పెట్టి చూడండి. అయిదు చోట్లా ఒకే అంకె రావాలి. ఒకసారి ఒక పిల్లల ఓపీలో మూడేళ్ల బాబుకు 33 అని రాసి ఉండడం చూసి అనుమానం వచ్చి మిషన్ తిప్పి చూశాను. వెనుక కిలోలు, పౌండ్లు మార్చే చిన్న బటన్ ఉంది, తుడిచేటప్పుడు ఎవరి వేలో తగిలి అది పౌండ్లకు మారింది. ఆ బాబు అసలు బరువు 15 కిలోలు. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన పారాసిటమాల్ 225 మిల్లీగ్రాములు పడవలసిన చోట 495 పడేది. ఆ రోజు నుంచి నేను చూసే ప్రతి డిజిటల్ మిషన్ వెనుక ఆ బటన్ మీద గట్టి టేపు అంటిస్తున్నాను.

సమాధానం: పోషకాహార పునరావాస కేంద్రం నర్సు

పిల్లల బరువు మాట వచ్చింది కనుక నేనూ కొంత చెబుతాను. మా కేంద్రంలో తీవ్ర పోషకాహార లోపంతో చేరిన పిల్లలకు పాల మోతాదు, మందుల మోతాదు అన్నీ బరువు మీదే ఆధారపడతాయి. తినిపించడం మొదలైన తర్వాత బిడ్డ రోజుకు, కిలో బరువుకు 10 గ్రాముల కంటే ఎక్కువగా పెరిగితే బాగా కోలుకుంటున్నట్టు, 5 గ్రాముల కంటే తక్కువైతే ఏదో అడ్డుపడుతున్నట్టు. 6 కిలోల బిడ్డకు ఆ 10 గ్రాముల లెక్క రోజుకు 60 గ్రాములు అవుతుంది. 100 గ్రాముల మెట్లలో చూపించే మిషన్ మీద ఈ 60 గ్రాములు ఎక్కడ కనబడతాయి? తడిసిన గుడ్డ ఒక్కటే 100 గ్రాములు దాటుతుంది. అందుకే చిన్నపిల్లలకు 10 గ్రాములు లేదా అంతకంటే తక్కువ తేడాను పట్టే మిషన్ ఉండాలి. తల్లి ఎత్తుకుని నిలబడితే చూసి, తర్వాత తల్లి బరువు తీసివేసే పద్ధతి కదలకుండా ఉండలేని మూడు, నాలుగేళ్ల పిల్లలకు గత్యంతరం లేనప్పుడు సరిపోతుంది. పురిటి బిడ్డకు మాత్రం పనికిరాదు.

బట్టలు విప్పి తూచాలన్నది పుస్తకంలో సులువుగా ఉంటుంది. నలుగురి ముందు బిడ్డ బట్టలు విప్పడానికి తల్లికి మనసొప్పదు, దిష్టి తగులుతుందని అమ్మమ్మ ఒప్పుకోదు. వాళ్లను కసరితే మర్నాడు బరువు చూసే వేళకు బిడ్డను నిద్రపుచ్చేస్తారు. మేము గోడ వారగా తెర కట్టి, లోపల తల్లిని మాత్రమే ఉండనిచ్చి, పళ్లెంలో మెత్తటి గుడ్డ పరిచి మిషన్‌ను సున్నాకు తెచ్చి, అప్పుడు బిడ్డను పడుకోబెడతాము. కాళ్ల కడియాలు, మొలతాడు తీయనంటే బలవంతం చేయము. "కడియాలతో" అని రాసి ప్రతి రోజూ కడియాలతోనే చూస్తాము, ఎందుకంటే మాకు కావలసింది నిన్నటికీ ఇవాళ్టికీ ఉన్న తేడా. ఒక తల్లి అయిదో రోజున తానే పిలిచి, "మేడమ్, ఇవాళ కడియం ఒకటి వదులైతే తీసేశాను, రాసుకోండి" అని చెప్పింది. ఆమెకు చదువు రాదు. ఆ మాట చెప్పకపోతే ఆ రోజు బిడ్డ బరువు పెరగలేదని మేము కంగారు పడేవాళ్లము.

పురిటి బిడ్డ తొలి రోజుల్లో పుట్టిన బరువులో 7 నుంచి 10 శాతం దాకా తగ్గడం మామూలే. 3 కిలోలతో పుట్టిన బిడ్డకు అది 210 నుంచి 300 గ్రాములు. పుట్టినప్పుడు దళసరి తువ్వాలుతో తూచి, మూడో రోజు వట్టి ఒంటితో తూచారనుకోండి, బిడ్డ ఎండిపోతున్నాడని భయపడి తల్లిపాలు చాలడం లేదనే నిర్ణయానికి వస్తారు. డబ్బాపాలు మొదలయ్యేది అక్కడే.

పిల్లల శ్వాస లెక్కకు బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా, తల్లి ఒడిలో ప్రశాంతంగా ఉండాలి. చొక్కా పైకి తీసి పొట్ట చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా అంతకు మించి, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా అంతకు మించి, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40 లేదా అంతకు మించి ఉంటే వేగంగా ఉన్నట్టు. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా అంతకు మించి వస్తే ఇంకోసారి లెక్కపెట్టి నిర్ధారించుకోవాలి.

సమాధానం: జనరల్ మెడిసిన్ డాక్టరు

రౌండ్స్‌లో ఆ 62నూ 58నూ చూసి మందు మార్చే డాక్టరు స్థానంలో నేనూ ఉన్నాను. "ఇది తూచిన బరువేనా?" అని అడగవలసిన బాధ్యత మాది. నడుము వెనుక కింది భాగంలో నొక్కి వాపు చూడవలసిన బాధ్యతా మాదే. సిస్టర్ ఒక్కరే ఈ భారం మోయనవసరం లేదు.

శ్వాస గురించి అందరూ చెప్పారు, అది డాక్టరుకు ఎందుకు అంత అవసరమో నేను చెబుతాను. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన న్యూస్ అనే, రోగి పరిస్థితి దిగజారడాన్ని ముందే పట్టే స్కోరులో శ్వాస 12 నుంచి 20 దాకా ఉంటే సున్నా, 21 నుంచి 24 దాకా 2, 25 లేదా అంతకు మించితే 3 పాయింట్లు. ఏ ఒక్క కొలతకైనా 3 వస్తే రోగిని త్వరగా చూడాలి. అంటే 26 ఊపిరితో ఉన్న మనిషికి 20 అని రాసిన క్షణంలో డాక్టరును పిలవవలసిన రోగి పిలవనవసరం లేని రోగిగా మారిపోతాడు. చాలామందిలో బీపీ పడిపోవడానికి, ఆక్సిజన్ తగ్గడానికి ముందే శ్వాస వేగం పెరుగుతుంది. నిమిషానికి 28 సార్లు ఊపిరి తీసుకుంటూ ఆక్సీమీటరు మీద 96 నిలబెట్టుకుంటున్న మనిషి బాగున్నట్టు కాదు, ఆ 96 కోసం శ్రమపడుతున్నట్టు. ఆక్సీమీటరు అంకె పక్కన రోగి మామూలు గాలి మీద ఉన్నారా, ఎన్ని లీటర్ల ఆక్సిజన్ మీద ఉన్నారా అన్నది తప్పక రాయండి. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లరంగు ఉన్నా అంకె తప్పవచ్చు. ఆక్సీమీటరు చూపే నాడి, మీ వేళ్లకు తెలిసే నాడి ఒకటి కాకపోతే ఆ అంకెను నమ్మవద్దు. గుండె లయ తప్పినవారికి మాత్రం ఆ రెండూ కలవకపోవచ్చు, వారికి స్టెత్ గుండె మీద పెట్టి పూర్తి నిమిషం లెక్కపెట్టాలి.

బీపీలో అందరూ చేసే పొరపాటు చేయి స్థానం. చేతిని మంచం పక్కన వేలాడనిచ్చి చూస్తే, గుండె కంటే 10 సెంటీమీటర్లు కిందికి ఉన్నందుకు 7, 8 మిల్లీమీటర్లు ఎక్కువ వస్తాయి. చేతికి దిండు ఆసరా ఇచ్చి గుండె ఎత్తుకు తేవాలి. ఓపీకి మెట్లెక్కి వచ్చిన మనిషిని 5 నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేల మీద ఆనేలా కూర్చోబెట్టాలి. కఫ్ బిగించాక మీరూ మాట్లాడవద్దు, ఆయన్నీ మాట్లాడించవద్దు. ముందుగా నాడి పట్టుకుని గాలి కొట్టి, నాడి ఎక్కడ ఆగిందో చూసి, దానికి 30 పైకి కొట్టి, సెకనుకు 2, 3 మిల్లీమీటర్ల చొప్పున దించాలి. డయల్ మీద గీతలు రెండేసి అంకెలకు ఉంటాయి కనుక 134, 86 అని రాయవచ్చు. 130/80, 140/90 తప్ప మరొకటి లేని చార్టు చూస్తే నేను మందు మార్చే ముందు స్వయంగా చూస్తాను. డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి కఫ్ చుట్టవద్దు, ఆ సంగతి మంచం తల దగ్గర పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

జ్వరం చూసిన చోటు రాయండి, చంకలో వచ్చే అంకె నోట్లో వచ్చేదాని కంటే తక్కువగా ఉంటుంది. ఇప్పుడే వేడి టీ తాగిన మనిషి నోట్లో కనీసం పావుగంట ఆగాకే పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తర్వాత

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. జరిగినది చెప్పడానికి మళ్లీ రాస్తున్నాను.

మా ఇన్‌ఛార్జి సిస్టర్‌కు ఈ చర్చ చదివి వినిపించాను. ఆవిడ మొదట ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత తన డబ్బుతోనే ఒక రబ్బరు స్టాంపు చేయించుకుని వచ్చారు. అందులో "కొలిచినది, చెప్పినది, అంచనా" అని మూడు మాటలు, ఒక్కొక్క దాని ముందు టిక్కు పెట్టడానికి చిన్న గడి ఉన్నాయి. ఇప్పుడు ప్రతి కేస్ షీట్ మీద బరువు పక్కన అది పడుతున్నది. బీపీ మిషన్లు రెండూ సరిచూడడానికి వెళ్లాయి. ఒకదానికి గొట్టం పగిలి ఉంది, మరొకదాని డయల్ 150 దగ్గర 12 ఎక్కువ చూపిస్తున్నదట. స్ట్రెచర్ మీద వచ్చేవారి బరువు మాత్రం మాకు ఇంకా కుదరలేదు. ప్రస్తుతానికి "అంచనా" అని రాసి, లేచి కూర్చోగలిగిన మొదటి ఉదయమే వీల్‌చైర్‌తో తూస్తున్నాము.

పోయిన గురువారం రాత్రి 17వ పడకలోని అమ్మగారి మణికట్టు పట్టుకుని, చెయ్యి పొట్ట మీద ఆనించి లెక్కపెడితే 30 వచ్చింది. బీపీ బాగుంది, ఆక్సిజన్ 95, ఆమె నిద్రపోతున్నట్టే ఉన్నారు. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ చూశాను, 31. డ్యూటీ డాక్టరు గారిని పిలిచాను. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో న్యుమోనియా ఉంది. ఆ రాత్రే యాంటీబయాటిక్ మొదలైంది.

మా పెద్దాయన కూడా నిన్న ఓపీకి వచ్చి, వార్డుకు వచ్చి పలకరించి వెళ్లారు. డాక్టరు గారు చెప్పిన ప్రకారం కోడలు రోజూ ఉదయం ఆయన బరువు చూసి నోట్‌బుక్‌లో రాస్తున్నారు. ఇంటి మిషన్ మీద 58.8 ఉంటే మా వార్డు మిషన్ మీద 57.6 వచ్చేసరికి ఆమె కంగారు పడ్డారు. ఇలాంటప్పుడు ఏమి చెప్పాలి?

సమాధానం: రిటైర్డ్ హెడ్ నర్సు

రెండు మిషన్ల తేడా గురించి ఆమెను కంగారు పడవద్దని చెప్పమ్మా. నోట్‌బుక్ మొదటి పేజీ మీద నిన్నటి తేదీ వేసి, వార్డు మిషన్ మీద ఎంత, ఇంటి మిషన్ మీద ఎంత అన్నది పక్కపక్కన నీ చేత్తోనే రాసి సంతకం పెట్టి ఇవ్వు. ఆ తర్వాత ఇంట్లో ఇంటి మిషన్‌నే చూడాలి, దాన్ని చోటు మార్చకూడదు. ఆ మిషన్ మీదే మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఆయాసం ఉన్నా లేకపోయినా, ఓపీ రోజు దాకా ఆగకుండా ఆయనను తీసుకురమ్మను.